బెల్ కొట్టినా కోపమే, కొట్టకపోయినా కోపమే: నడిచేవాళ్లను సైకిల్ మీద ఎలా దాటాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నెల రోజులుగా పనికి సైకిల్ మీద వెళ్తున్నారు. దారిలో కొంత భాగం నడిచేవాళ్లకూ సైకిళ్లకూ కలిపి వేసిన బాట. ఒకరోజు ముందు నడుస్తున్న ఒక పెద్దాయన వెనక బెల్ కొడితే ఆయన ఉలిక్కిపడి సరిగ్గా మీ చక్రం ముందుకే అడుగేశారు. మర్నాడు ఎందుకొచ్చిన గొడవ అని బెల్ కొట్టకుండా పక్క నుంచి వెళ్లిపోతే, ఒకావిడ "నీ సైకిల్‌కి బెల్ లేదా?" అని కేకలేసింది. ఇంతకీ కొట్టాలా, వద్దా?

పద్నాలుగేళ్లుగా నేను పనికి వెళ్లేది సైకిల్ మీదే, అందులో సగానికి పైగా ఇలాంటి ఉమ్మడి బాటే. సెలవు రోజుల్లో, పెద్దయ్యాక సైకిల్ నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేర్పిస్తుంటాను. బాట మీదికి వెళ్లిన మొదటి వారంలోనే వాళ్లందరికీ వచ్చే సందేహం ఇది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ పెద్దాయన కోపంలోనూ ఆవిడ కోపంలోనూ న్యాయం ఉంది. అయితే బెల్ గురించి మాట్లాడే ముందు మీరు చెప్పని రెండు సంగతులు నాకు కావాలి. మీరు ఎంత వేగంతో వస్తున్నారు? ఎంత దూరంలో ఉండగా బెల్ కొట్టారు? మిగతాదంతా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంది.

లెక్క వేసి చూద్దాం. మనిషి మామూలుగా గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తాడు. మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తున్నారనుకోండి. మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు 4 మీటర్ల పైచిలుకు చొప్పున తరిగిపోతుంటుంది. 5 మీటర్ల దూరంలోకి వచ్చాక బెల్ కొడితే ఆయనకు దొరికేది సెకను కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ సెకనులో ఆయన బెల్ వినాలి, అది తన కోసమేనని తెలుసుకోవాలి, ఏ వైపు నుంచి వస్తోందో పోల్చుకోవాలి, ఎటు జరగాలో తేల్చుకోవాలి, ఆ తర్వాత కాలు కదపాలి. పాతికేళ్ల కుర్రాడికే కష్టం. డెబ్భై ఏళ్లాయనకు ఎలా కుదురుతుంది?

ఆలోచించే వ్యవధి లేనప్పుడు శరీరం తనంతట తనే ఏదో ఒకటి చేస్తుంది. ఉలిక్కిపడిన మనిషి ముందుగా తల వెనక్కి తిప్పుతాడు. తలతో పాటు భుజం తిరుగుతుంది, భుజం తిరిగిన వైపే అడుగు పడుతుంది. చప్పుడు కుడి వెనక నుంచి వస్తే కుడివైపుకే తిరుగుతాడు, మీరు వెళ్లాలనుకున్నదీ అటే. కొత్తగా సైకిల్ నేర్చుకునేవాళ్లు వెనక్కి చూడగానే సైకిల్ అదే వైపుకి పక్కదారి పట్టడం మీరు గమనించే ఉంటారు. నడిచే మనిషిలో జరిగేదీ అదే. పెద్దాయన మీ చక్రం ముందుకు కావాలని రాలేదు, దగ్గరగా వినిపించిన బెల్ ఆయన్ను అటు లాగింది.

ఇప్పుడు మీ వైపు లెక్క. ప్రమాదం కనిపించాక చెయ్యి బ్రేకు నొక్కడానికి సుమారు ఒక సెకను పడుతుంది. 20 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే ఐదున్నర మీటర్లు వెళ్లిపోతారు. పొడి నేల మీద, బాగా పనిచేసే బ్రేకులతో, ఆగడానికి ఇంకో 5 మీటర్లు. మొత్తం 10, 11 మీటర్లు. 15 కిలోమీటర్ల వేగమైతే మొత్తం 7 మీటర్లలో ఆగుతారు, 10 అయితే 4 మీటర్లలో. అదే 30 అయితే దాదాపు 20 మీటర్లు కావాలి. నేల తడిగా ఉన్నా, రాలిన ఆకులున్నా ఇవన్నీ పెరుగుతాయి. ఇంకో విషయం, వేగం రెట్టింపైతే తగిలే దెబ్బలో ఉండే శక్తి నాలుగు రెట్లవుతుంది. వయసు మీదపడినవాళ్లు కిందపడితే తుంటి ఎముక విరగడం ఎంత మామూలో, దాని నుంచి కోలుకోవడం ఎంత కష్టమో తెలిసిన ఇళ్లు చాలానే ఉన్నాయి. కాబట్టి నేను మొదట చెప్పేది ఎప్పుడూ ఒకటే: మనిషి దగ్గరికి వచ్చేసరికి వేగం 10, 12కి దిగాలి. బాట ఇరుకైతే నడక వేగానికి దిగాలి. ముందు వేగం తగ్గించండి, బెల్ ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. వేగం తగ్గించే శ్రమ తప్పించుకోవడానికే బెల్ కొడతారు.

ఇక బెల్. 20, 25 మీటర్ల దూరంలో ఒకే ఒక్కసారి, మెత్తగా కొట్టండి. వేగం తగ్గిస్తూ వస్తుంటారు కాబట్టి ముందున్న మనిషికి అయిదారు సెకన్లు దొరుకుతాయి. అంత దూరం నుంచి వచ్చిన చప్పుడు ఎవరినీ అదిరిపడేలా చేయదు. గుండ్రంగా తిరుగుతూ గణగణ మోగే బెల్ కంటే, చిన్న సుత్తి ఒక్కసారి తగిలి 'టింగ్' మని సాగే ఇత్తడి బెల్ దీనికి బాగుంటుంది. బ్యాటరీతో మోగే హారన్లు మాత్రం ఉమ్మడి బాట మీద పెట్టుకోవద్దు. అవి మోటారు వాహనాల మధ్య వినపడాలని చేసినవి, నడిచే మనిషి వెనక మోగితే గుండె ఆగినంత పనవుతుంది.

కొట్టాక ఏం చూడాలన్నది ఎవరూ చెప్పరు. ముందున్న మనిషి వీపు చూడండి. విన్నవాళ్లలో ఏదో ఒక మార్పు కనిపిస్తుంది. భుజం కాస్త పక్కకి ఒరుగుతుంది, తల కొద్దిగా తిరుగుతుంది, పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగుతారు, లేదా చేత్తో వెళ్లమని సైగ చేస్తారు. ఆ మార్పు కనిపించిందా, వాళ్లు ఎటు జరుగుతున్నారో పూర్తిగా తేలేదాకా ఆగి, అప్పుడు రెండో వైపు నుంచి వెళ్లండి. ఏ మార్పూ కనిపించలేదంటే వాళ్లు వినలేదనే లెక్క. ఇంకా గట్టిగా కొట్టకండి. నడక వేగానికి దిగి, ఆరేడు మీటర్ల దూరంలో మామూలు గొంతుతో "వెనక సైకిల్ వస్తోందండీ" అనండి. గొంతులో మర్యాద వినిపిస్తుంది, బెల్‌లో ఆ సౌకర్యం లేదు. 'కుడి', 'ఎడమ' అని ఒంటి మాట మాత్రం అరవకండి. మీరు "కుడివైపు నుంచి వస్తున్నా" అనే అర్థంతో అంటారు, వాళ్లు "కుడివైపుకి జరగండి" అని వింటారు. నేను ఆ పొరపాటు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వైపు చెప్పక తప్పకపోతే "మీ కుడిపక్క నుంచి వెళ్తానండీ" అని మొత్తం చెప్పండి.

వినలేదనే లెక్క అని ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, నేను సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టిన రెండో ఏడు ఒకటి జరిగింది. తెల్లవారుతున్న సమయం, బాట మీద ఇద్దరమే. ముందు ఒకావిడ నడుస్తోంది, భుజానికి గుడ్డ సంచి. బెల్ కొట్టాను. కదల్లేదు. దగ్గరికొచ్చి ఇంకో రెండుసార్లు కొట్టాను, గట్టిగా. అప్పటికీ బాట మధ్యలోనే నడుస్తోంది. కావాలనే జరగడం లేదనుకున్నాను. చిరాకులో పక్కనున్న కొద్దిపాటి సందులోంచి దూరబోయాను. నా హ్యాండిల్ చివర ఆవిడ సంచి పట్టీకి తగులుకుంది. ఆవిడ రెండు చేతులూ ముందుకు పెట్టి మోకాళ్ల మీద పడింది, నేను కొంచెం అవతల గడ్డిలో పడ్డాను. లేచి పరుగున వచ్చి క్షమించమని అడుగుతుంటే ఆవిడ నా పెదాల వైపే చూస్తోంది. తర్వాత చెవి మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. అరచేతుల నిండా సన్న కంకర గుచ్చుకుని ఉంది. నా సీసాలో నీళ్లతో కడిగాను, ఒక్కో రాయీ తీస్తుంటే ఆవిడ వేళ్లు వణకడం ఇప్పటికీ కళ్లముందుంది. ఆ పొద్దున ఆవిడ చేసిన తప్పు ఒక్కటీ లేదు. తన దారిన తను నడుస్తోంది.

అప్పటినుంచి జరగని మనిషిని చూస్తే నేను మొదట అనుకునేది "ఈయనకు వినపడదేమో" అని. చాలాసార్లు అది ఇయర్‌ఫోన్లే అయివుండొచ్చు. అయినా తేడా ఏముంది? ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాయన కూడా నేను ఆగగలిగిన వేగంలో వస్తే క్షేమంగానే ఉంటాడు. నడిచేవాళ్లు వెనక్కి చూసుకుంటూ నడవాలని కోరే హక్కు మనకు లేదు. వెనక నుంచి వచ్చేది మనం, చూడగలిగేది మనం, బరువూ వేగమూ ఉన్నది మన దగ్గర. బ్రిటన్ హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం)లో 63వ నియమం ఇదే చెప్తుంది: నడిచేవాళ్లకు మరీ దగ్గరగా గానీ వేగంగా గానీ, ముఖ్యంగా వెనక నుంచి, వెళ్లకూడదు, వాళ్లలో వినపడనివాళ్లు, చూపు లేనివాళ్లు ఉండొచ్చని గుర్తుంచుకోవాలి, అవసరమైతే ఆగాలి. మీరున్నారని బెల్‌తోనో మర్యాదగా పిలిచో తెలియజేయమనీ అందులోనే ఉంది. 2022లో అదే కోడ్‌లోకి ఇంకో సూత్రం వచ్చింది, ఎవరి వల్ల ఎక్కువ హాని జరగగలదో వాళ్ల మీదే ఎక్కువ బాధ్యత అని. జపాన్‌లో ఇంకో అడుగు ముందుకెళ్లారు. ఫుట్‌పాత్ మీద సైకిల్‌కి అనుమతి ఉన్నచోట కూడా నెమ్మదిగానే వెళ్లాలి, నడిచేవాళ్లకు అడ్డమయ్యే పరిస్థితి ఉంటే ఆగాలి, ప్రమాదం తప్పించడానికి తప్ప జనాన్ని పక్కకి జరపడానికి బెల్ కొట్టడం చట్టప్రకారం తప్పు. జర్మనీలో ఫుట్‌పాత్ మీదికి సైకిళ్లను అనుమతిస్తూ చిన్న బోర్డు పెట్టిన చోట నడక వేగం దాటకూడదు. బెల్ విషయంలో బ్రిటన్‌ది ఒక పద్ధతి, జపాన్‌ది ఇంకోటి. వేగం విషయంలో మాత్రం అందరూ ఒకే మాట మీద ఉన్నారు. మీరుండే చోట నియమం ఏమిటో ఒకసారి చదువుకోండి. బాట మొదట్లో ఉండే నీలం రంగు గుండ్రటి బోర్డునూ చూడండి. చాలా దేశాల్లో మనిషి బొమ్మకీ సైకిల్ బొమ్మకీ మధ్య నిలువు గీత ఉంటే ఎవరి భాగం వాళ్లది, నిలువు గీత లేకపోతే బాటంతా ఇద్దరిదీ.

పక్క దూరం గురించి కూడా చెప్పాలి. హ్యాండిల్ వెడల్పు మామూలుగా 60, 65 సెంటీమీటర్లు ఉంటుంది. కదిలే సైకిల్ కాస్త అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి మీకు కావలసింది ఒక మీటరు. హ్యాండిల్ చివరకీ మనిషి భుజానికీ మధ్య ఇంకో మీటరు, వీలైతే ఒకటిన్నర. మూడు మీటర్ల బాట మీద ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడుస్తుంటే మిగిలేది ఒకటిన్నర మీటర్లు. వాళ్లు కాస్త జరిగితే తప్ప అందులో మీకు దారి లేదు, ఎదురుగా ఇంకొకరు వస్తుంటే అసలే లేదు. వెనకే నెమ్మదిగా రండి. ఎదురు మనిషిని వెళ్లనివ్వండి. మహా అయితే పదిహేను సెకన్లు పోతాయి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. చాలామందికి నెమ్మదిగా తొక్కడం రాదు. వేగం తగ్గితే హ్యాండిల్ వణుకుతుంది, పడిపోతామేమో అని టెన్షన్, ఆ టెన్షన్‌లో బెల్ గబగబా కొట్టేస్తారు. ఇది మర్యాద లేక కాదు, సాధన లేక. కాబట్టి ఖాళీ చోట వారం పాటు ఇది చేసి చూడండి. ముందే తేలిక గేరుకి మారండి, ఆగేముందు కాదు, ఇరవై మీటర్ల ముందే. పెడల్ తొక్కడం ఆపకండి. వెనక బ్రేకును ఒక్క వేలితో కొద్దిగా, చక్రం ఆగనంత మెత్తగా నొక్కి ఉంచండి. కాళ్లు ముందుకు తోస్తుంటే బ్రేకు వెనక్కి లాగుతుంటుంది, ఆ రెండింటి మధ్యా సైకిల్ బిగువుగా నిలబడుతుంది. ముందు బ్రేకు ముట్టుకోవద్దు, నెమ్మదిగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ తిరిగి ఉంటే అది పడేస్తుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా పది మీటర్ల అవతల ఉండాలి. మోచేతులు వదులుగా ఉంచండి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు నేను పది మీటర్ల గీత గీసి, దాన్ని ఎవరు ఎక్కువసేపు తొక్కుతారో చూస్తాను. మొదటిరోజు నాలుగైదు సెకన్లలో దాటేస్తారు. వారం తిరిగేసరికి పన్నెండు, పదిహేను సెకన్లు పడుతుంది, అంటే నడక కంటే నెమ్మది. అది వచ్చినవాళ్లకు ఇరుకు చోట బెల్ మీదికి చెయ్యి పోదు. వెనకే వెళ్లగలమన్న ధీమా ఉంటుంది.

పెడల్ ఆపితే వెనక చక్రం చేసే టకటక చప్పుడు కూడా మంచి సంకేతమే. బెల్ కంటే మెత్తగా ఉంటుంది, సైకిల్ అని ఇట్టే తెలిసిపోతుంది. నిశ్శబ్దంగా ఉన్న బాట మీద, ఏడెనిమిది మీటర్ల దూరంలో రెండు సెకన్లు పెడల్ ఆపితే సగంమంది దానికే జరుగుతారు.

కొందరి దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. పిల్లాడు బాటకి ఒక పక్క, తల్లో తండ్రో ఇంకో పక్క ఉంటే, బెల్ వినగానే పిల్లాడు చేసే పని ఒకటే: పెద్దవాళ్ల దగ్గరికి పరుగెత్తడం. అంటే మీ ముందు నుంచే అడ్డంగా. అలాంటి చోట బెల్ కొట్టకుండా నడక వేగంలో వెళ్లి, పెద్దవాళ్లతో "పాపను పట్టుకోండమ్మా, వెళ్తాను" అనండి. కుక్కా దాని యజమానీ చెరో పక్క ఉన్నా ఇదే, మధ్యలో పట్టీ ఉంటుంది. సాగే పట్టీ సన్నగా దారంలా ఉంటుంది, సాయంత్రం వెలుగులో అసలు కనపడదు. గుంపు ఉంటే బెల్ వినగానే సగంమంది ఇటు, సగంమంది అటు గెంతుతారు. మధ్యలో దారి ఏర్పడింది కదా అని దూరకండి, తన వాళ్లంతా అటు ఉన్నారని ఒకరు మళ్లీ ఇటు నుంచి అటు దాటుతారు. ఒక్క క్షణం ఆగితే వాళ్లే సర్దుకుంటారు. తెల్లకర్ర ఉన్నవాళ్ల దగ్గర మాటే మేలు. మీరు ఎక్కడున్నారో, ఏ పక్క నుంచి వెళ్తారో చెప్పి, వాళ్లను జరగమనకుండా మీరే చుట్టి వెళ్లండి. చోటు లేకపోతే దిగి నడిపించండి. ఎలా ఉన్నా చప్పుడు లేకుండా మాత్రం దాటకండి.

మీ మీద కేకలేసినావిడ విషయం ఇక్కడికే వస్తుంది. చప్పుడు లేకుండా చెవి పక్క నుంచి దూసుకుపోతే, ఏమీ తగలకపోయినా ఆ మనిషికి "నేను ఒక్క అడుగు పక్కకి వేసి ఉంటే?" అన్న భయం మిగులుతుంది. ఆవిడ అరిచింది ఆ భయంతో. ఎలక్ట్రిక్ సైకిల్ మీద ఇది మరీ ఎక్కువ. తొక్కేవాళ్ల ఆయాసం వినిపించదు, బండి బరువు రెట్టింపు దాకా ఉంటుంది. యూరప్‌లో మామూలు ఎలక్ట్రిక్ సైకిళ్లకు మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవాలన్న హద్దు ఉంది, కానీ అది మోటారుకి పెట్టిన హద్దు, మనుషులున్న బాట మీద వెళ్లాల్సిన వేగం కాదు. నిజంగా పాతికలో వెళ్లాల్సిన తొందర ఉన్నరోజు, పక్కన సురక్షితమైన రోడ్డు ఉంటే రోడ్డు మీదే వెళ్లండి. నేనూ అదే చేస్తాను.

చీకట్లో ముందు లైటు నేల వైపుకి వంచండి, ఎదురు మనిషి కళ్లలో పడకూడదు. మిణుకు మిణుకుమనే లైటు బాట మీద వద్దు, దూరం అంచనా కట్టడం కష్టం. వెనక మరో ఇద్దరు స్నేహితులు వస్తుంటే దాటేటప్పుడు "ఇంకో ఇద్దరున్నారండీ" అనండి, లేకపోతే మీరు దాటగానే దారి ఖాళీ అయిందనుకుని వాళ్లు మళ్లీ మధ్యలోకి వస్తారు. దాటాక వెంటనే వాళ్ల ముందుకి కోసుకు రాకండి, కొంచెం దూరం వెళ్లి సర్దుకోండి. జరిగినవాళ్లకు "థ్యాంక్సండీ" చెప్పండి. జరగకపోయినా చెప్పండి.

ఎప్పుడైనా తగిలితే, ఎంత చిన్న దెబ్బైనా ఆగండి. కిందపడ్డవాళ్లను చెయ్యి పట్టి గబుక్కున లేపకండి, ఎక్కడ నొప్పిగా ఉందో, కాలు కదల్చగలరో అడిగి, వాళ్లు లేస్తామన్నప్పుడు సాయం పట్టండి. తల తగిలినా, లేవలేకపోయినా అంబులెన్స్‌కి ఫోన్ చేసి అక్కడే ఉండండి. మీ పేరు, ఫోన్ నంబరు వాళ్లు అడగకముందే ఇవ్వండి.

ఆ పెద్దాయన రోజూ అదే వేళకి నడిచేవారైతే మళ్లీ కనిపిస్తారు. ఈసారి కొంచెం వెనకే సైకిల్ దిగి, నడిపించుకుంటూ ఆయన పక్కకి వెళ్లి, ఆరోజు భయపెట్టినందుకు క్షమించమని అడగండి. ఏ వైపు నుంచి వెళ్తే, ఎంత దూరంలో బెల్ వినిపిస్తే ఆయనకు ఇబ్బంది లేదో కూడా అడగండి. ఒక చెవి సరిగ్గా వినపడదనో, మెడ తిప్పలేననో ఆయన చెప్పొచ్చు. అప్పుడు రేపటి నుంచి ఆయన్ను ఎలా దాటాలో మీకు తెలిసిపోతుంది.